బాణలిలో ఉప్పు, గిన్నెలో గాలి

చెప్పులు వాకిట్లో విడిచి నేరుగా వంటింట్లోకి రండి. మధ్యాహ్నం మూడు దాటింది. అనంతపురంలో ఫాల్గుణం చివరి రోజులు. బయట బండలు కాలుతున్నాయి, లోపల గచ్చు ఇంకా చల్లగానే ఉంది. పొయ్యి మీద ఇనుప బాణలి, దానికి సగం దాకా కల్లుప్పు. కిలోకు తక్కువ ఉండదు. కింద మంట పూర్తిగా పెంచి ఉంది. అలవాటు కొద్దీ మీ కళ్లు గట్టు మీద నూనె డబ్బా కోసం వెతుకుతాయి. అది అలమార దాటి బయటికి రాలేదు.

“రాండి, కూచోండి. ఆ పీట రవ్వంత ఎనక్కి లాక్కోండి, ఉప్పు చిట్లుతాది” అంటుంది జేజి, తల తిప్పకుండానే.

అన్నట్టే టప్పుమని ఒక గల్లు ఎగిరి గోడకు తగిలింది. వెంటనే ఇంకొకటి. గల్లు లోపల ఎక్కడో చిక్కుకుపోయిన రవ్వంత నీరు ఆవిరై, దారి దొరక్క గల్లునే పగలగొట్టుకుని బయటపడుతుంది. కాసేపు చిటపటలాడి సద్దుమణుగుతుంది. అంటే తడి పోయిందని, ఇక ఉప్పుకు వేడెక్కడం తప్ప వేరే పని లేదని. ఉప్పు కరిగి బాణలికి అంటుకుపోతుందేమోనని అనుమానం వద్దు. అది కరగాలంటే 801 డిగ్రీలు కావాలి. ఇంటి గ్యాసు మీద బాణలి దాని దరిదాపులకు కూడా పోదు.

గట్టుకు ఆ చివర మనవరాలు చిన్న త్రాసు ముందేసుకుని కూర్చుంది. బెంగళూరు నుంచి సెలవు మీద వచ్చింది. ఫోనులో ఏవో అంకెలు ఎక్కించుకుంటోంది. ఈ ఇంట్లో ఒక ఒప్పందం కుదిరింది. సాయంత్రం కాఫీతో పాటు పంటి కింద కరకరలాడేది ఉండి తీరాలి, ఇది జేజి పట్టు. బాణలి నిండా నూనె కాగకూడదు, ఇది మనవరాలి పట్టు.

“డాక్టరు నూనె తగ్గించుకోమన్నాడు. నమలొద్దని యాడ చెప్పినాడు?” అని జేజి మీ వైపు చూస్తుంది, తీర్పు మీరే చెప్పాలన్నట్టు.

పొద్దున నల్లశనగల మీద వేడినీళ్లు పోసి, పది నిమిషాలు ఉంచి, వార్చి, పాత పంచె మీద నీడన ఆరబోశారు. ఇప్పుడు చేత్తో పట్టుకుంటే పైన తడి తగలదు. లోపలికి మాత్రం కొంచెం నీరు దిగింది. ఆ కొంచెంతోనే పని.

జేజి ఒక గుప్పెడు తీసి ఉప్పులో వేస్తుంది. గుప్పెడే. ఆశపడి రెండు గుప్పెళ్లు వేస్తే ఉప్పు చల్లబడిపోతుంది, శనగలు పగలకుండా లోలోపలే గట్టిపడి పళ్లకు పరీక్ష పెడతాయి. ఆమె గరిట అడుగు నుంచి పైకి, పై నుంచి అడుగుకు ఆగకుండా తిరుగుతోంది. నల్లటి గింజలు తెల్లటి ఉప్పులో మునిగి, తేలి, మళ్లీ మునుగుతున్నాయి. కాసేపు ఏమీ లేదు. తర్వాత ఎక్కడో ఒకటి పటుక్కుమంది. ఆ వెంటనే నాలుగైదు. పొట్టు చీలి లోపలి పసుపు బద్ద తొంగి చూస్తోంది. వంటింట్లో వాసన మారింది. ఇందాక వేడి ఇనుము వాసన, ఇప్పుడు జాతరలో శనగల బండి పక్కన నిలబడ్డప్పటి వాసన. జేజి చిల్లుల గరిటతో దేవి రెండుసార్లు ఆడిస్తుంది. ఉప్పు బాణలిలోకి జారిపోతుంది, శనగలు చాటలోకి పడతాయి.

“ఒగటి తీసుకోండి. ఊదుకోని తినండి.”

మీరు కొరుకుతారు. పొట్టు ముందు పగులుతుంది, తర్వాత పప్పు, రెండూ వేరువేరుగా. ఉప్పులో అంతసేపు పొర్లినా ఉప్పగా లేదు. పొడిగా ఉన్న గింజకు పొడి ఉప్పు అంటదు. కావాలంటే నాలుగు చుక్కలు ఉప్పునీళ్లు చిలకరించి ఇంకోసారి వేయించుకోవాలి. ఈ బాణలిలోని ఉప్పు మాత్రం వృథా కాదు. చల్లారాక సీసాలోకి ఎత్తిపెడతారు. వాడగా వాడగా బూడిద రంగుకు తిరుగుతుంది, కూరలోకి పనికిరాదు, వేయించడానికి ఎన్నాళ్లైనా పనికొస్తుంది.

రెండో గుప్పెడు బాణలిలో పడింది. జేజి చెయ్యి దాని పని అది చేసుకుపోతుంది గనక ఈలోపు నూనె సంగతి చూద్దాం. జంతికను నూనెలో జారవిడిచినప్పుడు చుట్టూ లేచే బుడగలు ఉన్నాయే, అవి నూనెవి కావు. పిండిలో ఉన్న నీరు ఆవిరై పారిపోతున్న గుర్తులు. 170, 180 డిగ్రీల నూనెలో నీరు నిలవలేదు. బుడగలు పలచబడ్డాయంటే తడి అయిపోయిందని, తీసేయొచ్చని. ఏ ఇల్లాలికైనా ఇది చెప్పక్కర్లేదు. చెప్పాల్సింది ఆ తర్వాతి సంగతి. వేగుతున్నంతసేపూ ఆవిరి బయటికి తన్నుతూ ఉంటుంది కాబట్టి నూనె లోపలికి పెద్దగా చొరబడలేదు. బయటికి తీసి పళ్లెంలో వేశాక మొదలవుతుంది. జంతిక చల్లారేకొద్దీ లోపల మిగిలిన ఆవిరి ముడుచుకుంటుంది. నీరు ఖాళీ చేసి వెళ్లిన సన్నటి రంధ్రాలు పైన అంటుకుని ఉన్న నూనెను లోపలికి లాగేసుకుంటాయి. తీసిన క్షణమే కాగితం మీద వేసి అద్దితే కొంత దక్కుతుంది. ఆరాక అద్దితే కాగితానికి జిడ్డు అంటడం తప్ప పెద్ద లాభం లేదు. బజార్లో దొరికే ఆలూ చిప్స్ బరువులో ఇంచుమించు మూడో వంతు నూనే.

అంటే కరకరకు కావలసింది తడి పోవడం ఒక్కటే. నూనె వేడిని మోసుకొచ్చే కూలీ, కాకపోతే పని అయ్యాక ఇంట్లోనే కాపురం పెట్టే కూలీ. గ్రాము పిండిపదార్థానికి, గ్రాము మాంసకృత్తులకు 4 క్యాలరీలైతే గ్రాము నూనెకు 9. ఉప్పు, ఇసుక మోసుకొచ్చింది దించేసి జల్లెడ కంతల్లోంచి వెళ్లిపోతాయి.

ఇంకో చిక్కు కూడా తప్పింది. పండక్కి పిండివంటలు చేశాక మిగిలిన నూనెను వడగట్టి, తిరగమోతలకు వాడుకుంటూ, మళ్లీ దాంట్లోనే కొత్త నూనె కలిపి కాచడం మన ఇళ్లలో మామూలే. కాచిన కొద్దీ నూనె విరిగి చెడు పదార్థాలు పోగవుతాయి. హోటళ్లు, మిఠాయి కొట్లు వాడే నూనెలో ఆ పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే పారబొయ్యాలని ఆహార భద్రతా సంస్థ 2018 జులై నుంచి నిబంధన పెట్టింది. ఇంటి డబ్బాలోకి తొంగి చూసే ఇనస్పెక్టరు ఎవరూ ఉండరు. జేజి అలమారలో ఆ మిగులు నూనె డబ్బాలో ఇప్పుడు నూనె లేదు. చింతపండు దాచుకుంది.

ఈ ఉప్పు కిటుకు ఆమె కనిపెట్టింది కాదు, ఆ మాట ఆమే చెబుతుంది. బొరుగుల బట్టీ ముందు మీరు ఎప్పుడైనా నిలబడి ఉంటే తెలిసే ఉంటుంది. పెద్ద మూకుడులో మసిలా నల్లబడ్డ ఇసుక, కింద వేరుశనగ పొట్టు మంట. ఉప్పునీళ్లు పట్టించి ఆరబెట్టిన ఉప్పుడు బియ్యం ఆ ఇసుకలోకి విసురుతారు. మీరు ఊపిరి తీసి వదిలే లోపు ఇసుకంతా తెల్లగా పొంగుతుంది. ఇంకో రెండు క్షణాలు ఆలస్యమైతే మాడుతుంది. అందుకే జల్లెడ పట్టే చెయ్యి, మంట చూసే చెయ్యి వేరువేరు మనుషులవి. మామూలు పచ్చి బియ్యం ఇలా పొంగదు. వడ్లను ఉడకబెట్టి ఆరబెట్టడంలో గింజలోని గంజి గట్టిపడి ఒక్క ముక్కగా తయారవుతుంది, ఇసుక వేడికి లోపలి తడి ఆవిరై ఆ ముక్కనంతా ఒక్కసారి ఉబ్బిస్తుంది. కోస్తాలో మరమరాలనేవి ఇవే.

శనగలు అయిపోయాయి. జేజి బాణలి దించి పక్కన పెట్టి, వెడల్పాటి అల్యూమినియం గిన్నె ఎక్కిస్తుంది. మంట తగ్గించమని సైగ. బొరుగుల సంచి విప్పారు.

సంచి ఎత్తి చూడండి. నిండుగా ఉంది, బరువు లేదు. రాయలసీమ సంతల్లో బొరుగులు శేర్లతో కొలిచి పోయడం పాత పద్ధతి. కొనేవాడు చూసేది పరిమాణం, త్రాసు ముల్లు కాదు. మనవరాలి లెక్క మాత్రం త్రాసుతోనే. గిన్నెను త్రాసు మీద పెట్టి, అంకె సున్నా చేసి, బొరుగులు పోస్తుంది. పోస్తుంది, పోస్తుంది, గిన్నె నిండి పొర్లుతోంది, అంకె 150 గ్రాముల దగ్గర ఆడుతోంది.

“జేజీ, ఇది కప్పుతో కొలిస్తే పది కప్పుల పైన. ఒక కప్పుకు 15 గ్రాములు కూడా లేదు.”

“గాలే కదమ్మా.”

ఈ ఇద్దరి మాటల మధ్యే అసలు విషయం ఉంది. తూకానికి తూకం చూస్తే బొరుగులు ఏమంత తేలిక తిండి కావు. వంద గ్రాములకు 400 క్యాలరీల దగ్గర. వంద గ్రాముల జంతికలకు 500 పైమాటే. ఈ తేడా చూసి ‘ఇంతేనా’ అనిపిస్తుంది. కానీ వంద గ్రాముల జంతికలు చిన్న పళ్లెంలో పడతాయి, కబుర్లలో కూర్చుంటే ఎప్పుడు అయిపోయాయో తెలియదు. వంద గ్రాముల బొరుగులు ఒక్కరు తినాలంటే ఏడు కప్పులు, దవడలు మొరాయిస్తాయి. ‘లో క్యాలరీ’ అని ప్యాకెట్ల మీద రాసేవాళ్లు ఈ సంగతి చెప్పరు. వాళ్ల బేక్డ్ మిక్చర్లను తిప్పి వెనక చూడండి. వంద గ్రాములకు కొవ్వు ఎంత అన్న గడి చదివితే చాలు. బేక్ చేయడానికి ముందు పిండిలోనే నూనె కలిపేసి ఉంటే ఆ గడి దాచలేదు.

జేజి బొరుగుల్ని వట్టి గిన్నెలో సన్న సెగ మీద తిప్పుతోంది. సంచిలో నాలుగు రోజులుంటే గాలిలో తేమ పీల్చుకుని నమిలితే సాగుతాయి. ఈ ఊరి గాలి పొడిది గనక నయం. అదే విశాఖలోనో బందరులోనో అయితే మూత తీసిపెట్టి పక్కింటికి వెళ్లొచ్చేసరికి మెత్తబడతాయి. నాలుగైదు నిమిషాలు తిప్పాక చప్పుడు మారుతుంది. మొదట గరిట కింద గుసగుసలాడినవి ఇప్పుడు గలగలమంటున్నాయి. జేజి ఒక్కటి తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలుపుతుంది. పొడి అయింది.

“సాలు. పళ్లెంలో పొయ్యి.”

ఇప్పుడు నూనె. అలమార తెరుచుకుంది. ఈ గిన్నెకు టీస్పూనుతో రెండు స్పూన్లు, అంతకు మించి లేదు. రెండూ కలిపి 9 గ్రాములు, 80 క్యాలరీలు. నూనెను ఇక్కడ వేయించడానికి వాడటం లేదు, కారం పసుపు అంటించడానికి వాడుతున్నారు. గిన్నె కొంచెం వాల్చి పట్టుకుంటే ఆ రెండు స్పూన్లూ ఒక మూలకు చేరతాయి. అందులో ఆవాలు, చిటపటలాడగానే పొట్టుతో దంచిన తెల్లగడ్డ పాయలు, రెండు ఎండుమిరపకాయల తునకలు. కరివేపాకు నూనెలో పడలేదని గమనించారా? దాన్ని ముందే వట్టి పెనం మీద, సన్న సెగన, ఆకు ఆకునా ఆరనిచ్చారు. చేతిలో తీసుకుంటే విరుగుతోంది. తడి ఆకు నూనెలో వేస్తే నూనె తాగుతుంది, పైగా మొహం మీదికి చిందుతుంది.

మంట ఆపేశాకే పసుపు, మిరప్పొడి, ఉప్పు. వేడి నూనెలో కారం పడితే రెండు క్షణాల్లో నల్లబడుతుంది. వెంటనే బొరుగులు పోసి, కింది నుంచి పైకి చేత్తోనే కలుపుతుంది జేజి. గరిటతో కలిపితే కారం ఒకచోటే ఉండిపోతుందని ఆమె వాదం. నిజమే, చూడండి, తెల్లటి రాశి అంచుల నుంచి మధ్యకు పసుపు తిరుగుతోంది. ఒక పిడికెడు పప్పులు పడ్డాయి, మనవరాలు తూచింది, 50 గ్రాములు.

అప్పుడు జేజి చెయ్యి వేరుశనగ డబ్బా మీదికి పోయింది.

“జేజీ.”

“ఏమి?”

“ముప్ఫై గ్రాములే.”

“ముప్ఫై అంటే ఎన్ని గింజలమ్మా? ఈ జిల్లాలో పుట్టి, ఎర్రనేలలో శెనక్కాయ పీకినదాన్ని, గింజలు ఎంచి ఏసుకోమంటావా?”

తగువు న్యాయమైనదే. వానలు తక్కువ పడే ఈ ఎర్రనేలలను దశాబ్దాల పాటు నిలబెట్టిన పంట వేరుశనగ. కాకపోతే ఆ గింజలో దాదాపు సగం నూనే. పిండి తీస్తే గానుగ నూనె, నమిలితే కూడా అదే నూనె. వంద గ్రాములకు 560 క్యాలరీల పైన. మంచి కొవ్వే, మాంసకృత్తులూ ఉన్నాయి, చెడ్డ తిండి అని నేను చచ్చినా అనను. అయితే నూనె లేని మిక్చర్ అని చెప్పుకుంటూ గుప్పెళ్లు గుప్పెళ్లు పల్లీలు పోసుకునే ఇళ్లు చాలా చూశాను. అలమారలో దాచిన నూనె ఆ దారిన గిన్నెలోకి వచ్చేస్తుంది.

మనవరాలు ఫోను తిప్పి చూపిస్తుంది. బొరుగులు 600, పప్పులు 185, వేరుశనగ 170, నూనె 80. మొత్తం వెయ్యి దాటి కొంచెం. పదకొండు కప్పులకు పంచితే కప్పుకు 90 చిల్లర. పక్క వరుసలో జేజి పాత పద్ధతి కూడా వేసింది. వేరుశనగ 150 గ్రాములు, పెద్ద గరిటెడు నూనె. అదే గిన్నె రెండు వేలు దాటింది. చూడ్డానికి రెండు గిన్నెలూ ఒకేలా ఉంటాయి. రుచిలో రెండోదే బాగుంటుందని జేజి అంటుంది, దాన్ని కాదనే ధైర్యం నాకు లేదు.

పసుపు పూసిన బొరుగులు ఫ్యాను కింద ఆరుతున్నాయి. వెచ్చగా ఉండగా డబ్బాలో పోసి మూత బిగిస్తే లోపలి వెచ్చదనం మూతకు చెమటై దిగుతుంది, ఇంత శ్రమా నీళ్లపాలు. పూర్తిగా చల్లారాలి. ఈలోపు జొన్నలు.

జొన్నలకు ముందు రోజు రాత్రే నీళ్లు చిలకరించి, కలిపి, బట్ట కప్పి ఉంచారు. పేలాలకు గింజలో తడి సరిగ్గా ఉండాలి. మొక్కజొన్న విషయంలో ఆ కొలత 14 శాతం దగ్గర. 180 డిగ్రీలకు చేరేసరికి ఆ నీరు ఆవిరై, పై తోలు తట్టుకోలేక పగిలి, లోపలి గంజి నురగై బయటికి తన్నుకుని అక్కడికక్కడే గట్టిపడుతుంది. తడి తక్కువైతే బలం చాలదు, తోలుకు ముందే చీలిక ఉంటే ఆవిరి మెల్లగా జారిపోతుంది. జొన్నకూ ఇదే. రొట్టెలకు బాగుండే మెత్తటి తెల్లజొన్న పేలాలకు అంతగా రాదు. గింజ చిన్నదిగా, గట్టిగా, కొరికితే గాజులా పగిలే రకం కావాలి.

ఈసారి బాణలిలో ఉప్పు లేదు, వట్టి ఇనుము. బాగా కాగింది. జేజి ఒక్క గింజ వేసి చూసింది. లోపల గిర్రున తిరిగి టప్ మంది. అర గుప్పెడు పోసి, గుడ్డను ఉండగా చుట్టి దానితో గింజల్ని బాణలికి అదిమి తిప్పుతోంది. ఒక వైపు నుంచి వాన మొదలైనట్టు చప్పుడు. తెల్లటి పూలు గుడ్డ కింది నుంచి ఎగిరి గట్టు మీద, మీ ఒళ్లో, మనవరాలి జుట్టులో పడుతున్నాయి. మూత పెడితే ఈ ఎగరడం ఉండదు కానీ ఆవిరి లోపలే నిలిచి పేలాలు మెత్తబడతాయి. జల్లెడ లాంటి మూత ఉంటే రెండు విధాలా మేలు.

అన్నీ పేలవు. అడుగున మిగిలిన ఎర్రటి గింజల్ని జల్లించి పక్కన పెట్టారు, మిక్సీలో వేసి జావ కాచుకోవచ్చు. పేలాల్లో ఒకటి నోట్లో వేసుకోండి. పాప్‌కార్న్ కంటే చాలా చిన్నది, పంటి సందుల్లో ఇరుక్కునే తోలు దాదాపు లేదు. తొలి ఏకాదశికి బెల్లంతో దంచి పేలాల పిండి చేసుకునే ఇళ్లకు ఇది కొత్తేమీ కాదు. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపాక ఇవే జొన్న పేలాలు రంగు ప్యాకెట్లలో, ఇంగ్లిషు పేరుతో, పది రెట్లు గాలి నింపుకుని సూపర్ మార్కెట్లకు ఎక్కాయి. బెల్లం కలిపితే మాత్రం లెక్క మారిపోతుంది. జేజి ఈరోజు మిరియాల పొడి, ఉప్పు చల్లింది. పొడి పేలాలకు పొడి కారం అంటదు గనక ముందు మజ్జిగ తేట నాలుగు చుక్కలు చిలకరించి, ఇంకో నిమిషం బాణలిలో తిప్పింది. పుల్లటి వాసన వస్తోంది.

నూనె లేకుండా పేల్చిన మొక్కజొన్న పేలాలైతే కప్పు 8 గ్రాములే తూగుతాయి, 30 క్యాలరీలు. సినిమా హాల్లో బకెట్ చేతిలో పెడితే బరువుగా అనిపించేది అందులో పోసిన వెన్న వల్ల.

గట్టు కింద తెల్లటి యంత్రం ఒకటి ఉంది, మనవరాలు బెంగళూరు నుంచి మోసుకొచ్చిన ఎయిర్ ఫ్రయర్. 2010లో ఫిలిప్స్ బజారులోకి తెచ్చినప్పటి నుంచి దీని పేరులో వేపుడు ఉంది గానీ చేసేది వేపుడు కాదు. బుల్లి ఓవెన్, పైన కాయిల్, దాని పైన గట్టిగా తిరిగే ఫ్యాను. వేడి గాలి గింజ చుట్టూ తిరిగి తడిని ఊడ్చేస్తుంది. ఉడకబెట్టిన కాబూలీ శనగలకు ఇది బాగా కుదురుతుంది. ఉడికాక గుడ్డలో దొర్లించి తడి తుడవాలి, ఇదొక్కటి బద్ధకించకపోతే చాలు. స్పూను నూనె పట్టించి 190 డిగ్రీల మీద పావుగంట, ఇరవై నిమిషాలు, మధ్యలో బుట్ట రెండు మూడు సార్లు కుదపాలి. మసాలా బయటికి తీశాకే. జేజికి యంత్రం మీద నమ్మకం లేదు. ఒకసారి తెరిచి చూపించారట, అంతే.

“దాంట్లో బొరుగులు ఏస్తే?” అని మీరు అడగబోతారు. వేయకండి. బొరుగులు, విడి కరివేపాకులు ఆ గాలికి లేచి కాయిల్‌కు అంటుకుని మాడతాయి. కంపు రెండు రోజులు పోదు.

కూరగాయల చిప్స్ గురించి ఎవరైనా ఊరిస్తే కొంచెం వెనకాముందాడండి. బెండకాయను నూనె లేకుండా ఓవెన్లో పెడితే ఎండుతుంది, కరకరలాడదు. తోలులా సాగుతుంది. కాకరకాయ నయం. కాగితమంత పలచగా కోసి, ఉప్పు రాసి అరగంట ఉంచి, పిండి, గుడ్డతో అద్ది, తక్కువ వేడి మీద ఓపిగ్గా ఆరబెడితే అంచులు విరుగుతాయి. బీట్‌రూట్‌లో చక్కెర ఎక్కువ గనక నడుమ ఆరకముందే అంచులు నల్లబడతాయి. బాగా ఎర్రబడిన దాకా ఉంచితే కరకర ఎక్కువన్నది కూడా భ్రమ. పిండి పదార్థాలు 120 డిగ్రీలు దాటి ముదురు రంగుకు తిరిగేకొద్దీ ఆక్రిలమైడ్ అనే పదార్థం పెరుగుతుందని 2002లో స్వీడన్ వాళ్లు బయటపెట్టారు. అంతకన్నా ముందు మాడినదాన్ని నాలుక ఒప్పుకోదు.

కాఫీ డికాషన్ దిగుతోంది. జేజి ఆఖరి పని మొదలెట్టింది. అప్పడాన్ని నీళ్ల చెయ్యితో ఒకసారి తుడిచి, పట్టకారుతో పట్టి నేరుగా మంట మీద. అంచు ముడుచుకునే లోపు తిప్పాలి, బొబ్బలు లేచిన చోట ఆగకూడదు. పది క్షణాల పని. నూనెలో వేస్తే ఇదే అప్పడం ఇంకా వెడల్పుగా విచ్చుకునేది, ఒప్పుకుంటాను, కానీ పప్పన్నంలోకి నాకు కాల్చినదే ఇష్టం. మినప్పిండి, ఇంగువ రుచి దాంట్లోనే తెలుస్తుంది.

గిన్నెలు ముందుకొచ్చాయి. కారం బొరుగుల్లో సగం డబ్బాకు పోయాయి, సగంలో జేజి సన్నగా తరిగిన ఎర్రగడ్డ, కొత్తిమీర వేసి నిమ్మకాయ పిండింది.

“బిన్న తినండి. ఎర్రగడ్డ ఏసినాక నాలుగు నిమిషాలే దాని ఆయుస్సు.”

మొదటి గుప్పెడు. వింటున్నారా? బయటికి వచ్చే శబ్దం కొంత, దవడ ఎముక మీదుగా చెవి లోపలికి వెళ్లేది కొంత. ఆక్స్‌ఫర్డ్‌లో మాసిమిలియానో జాంపినీ, చార్ల్స్ స్పెన్స్ అనే ఇద్దరు 2004లో ఒక పరీక్ష అచ్చు వేశారు. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి, చిప్స్ కొరికించి, కొరికిన చప్పుడును మార్చి వినిపించారు. చప్పుడు పెంచితే అవే చిప్స్ తాజాగా, కరకరలాడుతున్నాయని జనం చెప్పారు. 2008లో వాళ్లకు ఇగ్ నోబెల్ ఇచ్చారు. నవ్వుకోవడానికి ఇచ్చే బహుమతే అయినా విషయం నవ్వులాట కాదు. ఈ ఇంట్లో టీవీ ముందు కూర్చుని తినకూడదని జేజి పెట్టిన కట్టుబాటుకు అదో సాక్ష్యం. టీవీ మోతలో బొరుగుల చప్పుడు వినపడదు, వినపడకపోతే ఇంకో గుప్పెడు, ఆ తర్వాత ఇంకోటి.

ఉప్పు కూడా చెప్పుకోవాలి. రోజంతటికీ కలిపి 5 గ్రాములకు లోపు, అంటే ఒక టీస్పూను లోపు ఉప్పు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. నూనె తగ్గించిన వాళ్లు రుచి కోసం ఉప్పు పెంచేస్తారు. నిమ్మకాయ ఉన్నది అందుకే. పులుపు తగిలితే ఉప్పు తక్కువైన సంగతి నాలుక పట్టించుకోదు.

పక్కింటి పిల్లలు ముగ్గురు గడప దగ్గర నిలబడ్డారు. ఎవరూ పిలవలేదు, పేలాల చప్పుడు గోడ దాటి వినపడి ఉంటుంది. జేజి తలా ఒక కాగితం పొట్లం కట్టింది. శనగలు అడుగున, పేలాలు పైన. వాళ్లు వెళ్లాక డబ్బా మూత బిగించబోతూ, మనవరాలు డికాషన్ గ్లాసుల్లో పోయడానికి అటు తిరిగిన సమయం చూసి, వేరుశనగ డబ్బాలోంచి ఇంకో గుప్పెడు కారం బొరుగుల్లోకి జారవిడిచింది.

“చూశాను జేజీ.”

“చూస్తే రాసుకో. శెనక్కాయలు నా లెక్కలో, బొరుగులు నీ లెక్కలో. కాఫీ ఇటియ్యి.”